మాజీ సైనికుడి మనసుకు మందు: ప్రభుత్వం డబ్బు ఎక్కడ పెడితే మేలు?

నెలకు నలుగురైదుగురు ఇదే అడుగుతున్నారు. భర్తను వెంటబెట్టుకుని వచ్చే ఆడవాళ్లు "అన్నయ్యగారూ, ఈయన్ని పాలీక్లినిక్‌కి తీసుకెళ్లమంటారా, ప్రైవేటులో చూపించమంటారా?" అంటారు. కొడుకులైతే ఫోన్ చేసి "బాబాయ్, ముందు డిసెబిలిటీ పెన్షన్‌కి పెట్టమంటారా?" అంటారు. బడ్జెట్ వచ్చిన వారం మాత్రం అందరిదీ ఒకే మాట: "అన్ని వేల కోట్లు ఇచ్చామంటున్నారు, మన దాకా వచ్చిందేది?"

పాలీక్లినిక్ అంటే మాజీ సైనికుల కోసం ప్రభుత్వం నడిపే క్లినిక్. వినడానికి వేరువేరుగా ఉన్నా ఇవన్నీ ఒకటే ప్రశ్న. ప్రభుత్వం డబ్బు ఏ గుమ్మం దగ్గర పెడితే మాజీ సైనికుడు ఆ గుమ్మమే ఎక్కాలి. అసలు అతను ఏ గుమ్మం ఎక్కగలడు అన్నది ముందు చూడాలి కదా?

నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేరి, 24 ఏళ్లు చేసి వచ్చాను. ఇప్పుడు తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఊళ్లలో మాజీ సైనికుల కాగితాలు రాసిపెడుతుంటాను. దగ్గర్లోనే మిలిటరీ మాధవరం. తరతరాలుగా ఫౌజులోకి మనుషుల్ని పంపిన ఊరది. ఇక్కడ పెన్షన్ గురించి, క్యాంటీన్ గురించి, మోకాళ్ల నొప్పుల గురించి ఎంతసేపైనా మాట్లాడతారు. నిద్ర పట్టడం లేదని మాత్రం ఎవరూ నోరు తెరిచి చెప్పరు.

ముందు డబ్బు సంగతి. 2024-25 బడ్జెట్‌లో మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్‌కు 6,968 కోట్లు ఇచ్చారు. అంతకుముందు ఏడాది బడ్జెట్ కంటే అది 28 శాతం ఎక్కువ. 2025-26లో అది 8,317 కోట్లు అయింది. 2003 ఏప్రిల్‌లో ఈ పథకం మొదలైన రోజులు చూసినవాడిగా చెబుతున్నాను, ఇది చిన్న మొత్తం కాదు. కానీ ఆ పద్దులో మానసిక వైద్యానికంటూ విడిగా ఏమీ రాసి లేదు. అధికారంలో ఉన్నవాళ్లు పెంచిన శాతం చూపిస్తారు. ఎదురుగా ఉన్నవాళ్లు 2023లో మార్చిన డిసెబిలిటీ పెన్షన్ నియమాలు చూపిస్తారు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. మనసు బాగాలేని మనిషి ఊసు మాత్రం ఇద్దరి దగ్గరా లేదు.

ఇప్పుడున్న దారుల్లో పెద్దది ఎంపానెల్డ్ ప్రైవేటు ఆసుపత్రులు, అంటే ఈసీహెచ్‌ఎస్‌తో ఒప్పందం ఉన్నవి. పాలీక్లినిక్‌లో రిఫరల్ రాస్తారు, మనం ఆసుపత్రికి వెళ్తాం, బిల్లు ఈసీహెచ్‌ఎస్ కడుతుంది. దీన్ని సమర్థించేవాళ్ల వాదన బలమైనదే. మన దేశంలో లక్ష మందికి సైకియాట్రిస్టులు ఒక్కరు కూడా లేరు, 0.75 మంది. కనీసం ముగ్గురు ఉండాలంటారు. అలాంటప్పుడు ప్రతి పాలీక్లినిక్‌కీ ఒకరిని ఎక్కడినుంచి తెస్తారు? డాక్టరు ఎక్కడుంటే అక్కడికే మనిషిని పంపి డబ్బు కట్టడం నయం కదా అంటారు. ఇంకో మాట కూడా ఉంది, దాన్ని నేను కొట్టిపారేయను. పాలీక్లినిక్‌లో అందరూ తెలిసినవాళ్లే. పక్క బెంచీ మీద ఒకప్పటి మన సెక్షన్ వాడు కూర్చుని ఉంటాడు. ప్రైవేటు ఆసుపత్రిలో ఎవరూ గుర్తుపట్టరు.

అయితే ఆ డబ్బు దేనికి వస్తుందో చూడండి. గుండెకు స్టెంటు వేస్తే ఒక రేటు ఉంది, మోకాలు మారిస్తే ఒక రేటు ఉంది. మనిషిని కూర్చోబెట్టి మాట్లాడితే? ఈ బిల్లులు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం సీజీహెచ్‌ఎస్ రేట్ల దారిలో నడుస్తాయి. ఆ రేట్లలో ఓపీ కన్సల్టేషన్ ఏళ్లపాటు 150 రూపాయలు ఉండి, 2023లో 350 అయింది. ఆ 350 రూపాయలు కూడా చేతికి ఎప్పుడొస్తాయో తెలియనప్పుడు, ఏ డాక్టరు ముప్పావుగంట కూర్చుని వింటాడు? డాక్టర్లను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. రేటు అలా పెట్టి, మాట్లాడి బాగుచేయమంటే కుదరదు.

రెండోది పెన్షన్ దారి. ఆసుపత్రులకు పోయడం ఎందుకు, మనిషి చేతికే ఇవ్వండి అనేవాళ్లున్నారు. ఇక్కడ గొడవంతా ఒక్క ముక్క మీద: జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా, లేదా సర్వీసు వల్ల ముదిరిందా. కాలు పోతే సాక్ష్యం కళ్లముందుంటుంది. మనసుకు సాక్ష్యం ఏది? స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులు భర్తీ రోజు పరీక్షలో దొరకకపోవచ్చని చెబుతూ 2019లో సుప్రీంకోర్టు ఒక జవానుకు పెన్షన్ నిరాకరించింది. 2025 మేలో అదే జబ్బుతో ఇంటికి పంపేసిన మరో జవాను కేసులో, మెడికల్ బోర్డు కారణాలు చూపకుండా పెన్షన్ కాదనడం చెల్లదంది. మధ్యలో 2023 సెప్టెంబర్‌లో కొత్త నియమాలు వచ్చాయి. రిటైరైన ఆఫీసర్లలో 40 శాతం దాకా, జవాన్లలో 18 శాతం దాకా డిసెబిలిటీ పెన్షన్‌తో దిగుతున్నారని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఎత్తిచూపిన ఏడాదే అది. దుర్వినియోగం ఆపడానికే అని ప్రభుత్వం, హక్కు కోస్తున్నారని మాజీ సైనికుల సంఘాలు.

నా మట్టుకు నాకు పెన్షన్ హక్కే. ఇవ్వాల్సిందే. కానీ దాన్ని వైద్యం పద్దులో చూపిస్తే ఒప్పుకోను. కేసు గెలవాలంటే చెన్నైలో సాయుధ దళాల ట్రిబ్యునల్ దాకా వెళ్లి, జబ్బు ఎంత పెద్దదో పదేపదే చెప్పాలి. ఏళ్ల తరబడి ఆ ఫైలే లోకంగా బతికినవాళ్లను చూశాను. ఎరియర్స్ పడిన రోజు ఇంట్లో స్వీట్లు పంచుతారు. ఆ రాత్రి కూడా నిద్ర పట్టదు.

ఇక మూడోది, నేను ఎక్కువ చెప్పదలచుకున్నది. పాలీక్లినిక్‌లోనే మనిషిని పెట్టడం.

ఏ పాలీక్లినిక్ ఉద్యోగ ప్రకటన అయినా తీసి చూడండి. మెడికల్ స్పెషలిస్టు, గైనకాలజిస్టు, మెడికల్ ఆఫీసర్, డెంటల్ ఆఫీసర్, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్, ఫిజియోథెరపిస్టు, నర్సింగ్ అసిస్టెంటు, డ్రైవరు, చౌకీదారు. నడుముకు ఫిజియోథెరపిస్టు ఉన్నాడు, పళ్లకు డాక్టరు ఉన్నాడు. మనసుకు ఎవరూ లేరు. కౌన్సెలర్ అనే పోస్టే లేదు.

అక్కడే ఉండాలని నేనెందుకు అంటున్నానో ఒకాయన సంగతి చెబితే అర్థమవుతుంది. ఆర్టిలరీలో హవల్దార్‌గా చేసి వచ్చాడు. ఊరు, పేరు చెప్పను. మొదటిసారి భార్య తీసుకొచ్చింది. "రాత్రి ఒంటిగంటకు లేస్తారన్నయ్యగారూ. గేటు తాళం లాగి చూస్తారు. వెనక తలుపు చూస్తారు. పిల్లల గదిలో కిటికీ గడియ చూస్తారు. వచ్చి పడుకుంటారు. అరగంటకి మళ్లీ మొదలు." ఆమె చెబుతున్నంతసేపూ ఆయన నా గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాడు. "గ్యాస్ ట్రబుల్ సాబ్, ఇంకేం లేదు" అన్నాడు.

రిఫరల్ రాయించాం. నలభై కిలోమీటర్ల అవతల ఆసుపత్రి. రెండున్నర గంటలు కూర్చుంటే పది నిమిషాలు చూశారు, మందులు రాశారు. రెండోసారి వెళ్తే వేరే డాక్టరు. "మళ్లీ మొదట్నుంచి చెప్పమన్నారు సాబ్. ఎన్నిసార్లు చెప్తాం?" అన్నాడు. మూడోసారి వెళ్లలేదు. కొన్నాళ్లకు బిల్లులు రావడం లేదని ఆ ఆసుపత్రి మన కార్డు తీసుకోవడమే మానేసింది.

కానీ ఆయన ప్రతి నెలా తప్పకుండా వెళ్లిన చోటు ఒకటుంది. బీపీ మాత్రల కోసం పాలీక్లినిక్. అక్కడి ఫార్మసిస్టు కుర్రాడు ఒకరోజు నాకు ఫోన్ చేశాడు. "సాబ్, ఆయన ఎప్పుడూ స్ట్రిప్పులు లెక్కపెట్టుకుని తీసుకుంటారు, ఒక్క మాత్ర తగ్గినా గొడవ చేస్తారు. ఇవాళ సంచిలో ఏం వేశానో కూడా చూడలేదు. అలాగే వెళ్లిపోయారు." ఆ సాయంత్రమే నేనూ ఇంకొకాయనా వాళ్లింటికి వెళ్లాం. ఆలస్యం చేయకుండా వెళ్లి మంచి పని చేశాం. అంతవరకే చెబుతాను.

చూశారా, స్పెషలిస్టు కనిపెట్టలేనిది మందులిచ్చే కుర్రాడు కనిపెట్టాడు. వాడికి మానసిక వైద్యం తెలియదు. ఆ మనిషి తెలుసు, అంతే. మనసు జబ్బులో నా లెక్కన అన్నిటికంటే ముఖ్యం ఇదే: సిగ్గుపడకుండా ఎక్కగలిగే గుమ్మం, అక్కడ ప్రతిసారీ అదే ముఖం. బీపీ మాత్రలకు వెళ్తున్నానని ఏ సైనికుడైనా ఊరంతా వినేలా చెబుతాడు. ఆ బీపీ చూసే గది పక్క గదిలోనే కౌన్సెలర్‌ను కూర్చోబెట్టండి, తలుపు మీద బోర్డు కూడా వద్దు. అందరూ చూస్తారన్న బెంగ చాలావరకు అక్కడే తీరుతుంది. సైకియాట్రిస్టు రోజూ అక్కర్లేదు, వారానికి ఒక పూట వస్తే చాలు. కావాల్సిన కేసునే పెద్దాసుపత్రికి పంపొచ్చు.

దీనికెంతవుతుందో నేనే లెక్క వేశాను. దేశంలో పాలీక్లినిక్‌లు 400కు పైగా ఉన్నాయి, 450 అనుకుందాం. ఒక్కో కౌన్సెలర్‌కు నెలకు 50,000 ఇచ్చినా ఏడాదికి 27 కోట్లు. 8,317 కోట్లలో అది వంద రూపాయలకు 33 పైసలు కూడా కాదు. డబ్బు లేక ఆగిన పని కాదిది.

పాలీక్లినిక్‌లు బాగున్నాయని నేననను. సగం మందులు బయట కొనుక్కోమంటారు. స్టాఫ్ అంతా కాంట్రాక్టు. ఒక డాక్టరు అలవాటయ్యేలోపు ఇంకొకరు వస్తారు. అదే ముఖం ఉండాలని నేనంటుంటే, ఈ కాంట్రాక్టు పద్ధతి దానికి అడ్డం. కాబట్టి పోస్టు ఇస్తే సరిపోదు, కనీసం మూడేళ్లు కదపకూడదు.

అమెరికాలో పిల్లలున్నవాళ్లు అక్కడ ఎలా చేస్తారని అడుగుతుంటారు. అక్కడా ఇదే తగువు. ఫీనిక్స్‌లోని ప్రభుత్వ వెటరన్స్ ఆసుపత్రిలో నెలల తరబడి వెయిటింగ్ లిస్టులు దాచిపెట్టారని 2014లో బయటపడ్డాక, బయటి డాక్టర్ల దగ్గరికి పంపే చట్టం తెచ్చారు. 2018లో దాన్ని ఇంకా పెంచారు. బయటికి పోయే డబ్బు పెరిగితే సొంత ఆసుపత్రులు చిక్కిపోతాయని ఒక వర్గం, ఎదురుచూపుల కంటే బయటికి పోవడమే నయమని ఇంకో వర్గం. నాకు మాత్రం వాళ్లు 1979లో చేసిన పని నచ్చింది. వియత్నాం నుంచి వచ్చినవాళ్లు పెద్దాసుపత్రి గడప తొక్కడానికి ఇష్టపడకపోతే, వాళ్లుండే చోట్లలో చిన్న చిన్న ఆఫీసులు తెరిచారు. కౌన్సెలర్లలో చాలామంది తోటి సైనికులే. ఆ వెట్ సెంటర్లు ఇప్పుడు 300 దాకా ఉన్నాయి.

మిగతా దారుల గురించి రెండు ముక్కలు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఫోన్‌లో వేసి ఉంచండి, రాత్రి పూట పనికొస్తుంది. 2023 డిసెంబర్‌లో సైన్యం కోసం పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీలో దానికి ప్రత్యేక సెల్ కూడా పెట్టారు. కేసు చేయి దాటితే విశాఖ మానసిక ఆసుపత్రి, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఉన్నాయి, వెనకాడొద్దు. యోగా శిబిరాలకు వెళ్తే మంచిదే.

ఒక్క విషయం మాత్రం ఏ పార్టీ వాళ్లు ఓటుకొచ్చినా అడగండి. 2022లో మొదలైన నాలుగేళ్ల భర్తీ పథకం అగ్నిపథ్‌లో చేరిన కుర్రాళ్లలో ముప్పాతిక మంది నాలుగేళ్లకే ఇంటికొస్తారు. వాళ్లకు పెన్షన్ లేదు, మాజీ సైనికుడి హోదా లేదు, ఈసీహెచ్‌ఎస్ కార్డు లేదు. పాతికేళ్లు నిండని ఆ పిల్లవాడు సియాచిన్‌లోనో కుప్వారాలోనో చూసొచ్చినది నిద్రలో తిరగబెడితే ఏ గుమ్మం ఎక్కాలి? నేను పైన చెప్పిన మూడు దారుల్లో ఒక్కటి కూడా అతనికి లేదు.

కాబట్టి ఇప్పుడు ఎక్కడ చూపించమంటారు అంటే, ముందు పాలీక్లినిక్‌కే వెళ్లండి. రిఫరల్ తీసుకోవాల్సి వస్తే ప్రతిసారీ అదే డాక్టరు పేరు అడగండి, వేరే ఆయన్ని ఇస్తే ఇంకో రోజు వస్తామనండి. పెన్షన్ కేసు పక్కన నడవనివ్వండి, దాని కోసం మందు ఆపొద్దు.

హవల్దార్ గారు ఇప్పుడు గురువారాలు వెళ్తున్నాడు. పాలీక్లినిక్‌లో మెడికల్ ఆఫీసర్‌గా ఉన్న డాక్టరమ్మ ఓపీ అయ్యాక ఆయన్ని కూర్చోబెట్టుకుని మాట్లాడుతోంది. అది ఆమె డ్యూటీ కాదు, ఎవరూ చేయమనలేదు. రాత్రి గేటు దగ్గరికి ఒక్కసారే వెళ్లొస్తున్నారని భార్య చెప్పింది. డాక్టరమ్మ కాంట్రాక్టు మార్చితో అయిపోతుంది.