పింక్ రేజర్ రెండేళ్ల తర్వాత: పని బాగుంది, ధరే బాగాలేదు

పేరు చెప్పను. గులాబీ రంగు పిడి, డబ్బా మీద పువ్వులు, 'ఆడవాళ్ల కోసం ప్రత్యేకం' అని రాసి ఉండే రకం అంటే చాలు. రెండేళ్లు దాటింది, ఇదే వాడుతున్నా.

మంచి ముందు చెప్తా. పిడి లావుగా, రబ్బరు పట్టుతో ఉంటుంది, సబ్బు చేతుల్లో కూడా జారదు. మోకాలి చుట్టూ, పిక్క వెనకాల కంటికి కనపడని చోట లాగేటప్పుడు ఇది నిజంగా ఉపయోగమే. తల గుండ్రంగా ఉండి అటూ ఇటూ వంగుతుంది కాబట్టి ఇంతవరకు మోకాలి దగ్గర తెగలేదు. చంకల్లో మాత్రం ఆ గుండ్రమే అడ్డం.

ఇక బ్లేడు సంగతి. మా ఆయనది కూడా అదే కంపెనీ రేజరే, అందులోనూ మూడు బ్లేడ్లే. ఒకసారి ఆయన ప్యాకెట్లోంచి కొత్త బ్లేడు విప్పి ఆయన పిడికే పెట్టి ఒక కాలికి, నాది కొత్తది పెట్టి ఇంకో కాలికి చేసుకున్నా. మర్నాడు తడిమి చూస్తే ఏ కాలు దేనితో చేశానో నాకే తెలియలేదు. తేడా అంతా పైనా కిందా ఉన్న సబ్బు పట్టీలోనే. కొత్తలో హాయిగా జారుతుంది. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు బకెట్ అంచుకే తెల్లగా పేరుకునే రకం, ఆ నీళ్లకి పట్టీ నాలుగు వాడకాల్లో ఉబ్బి చీమిడిలా సాగుతుంది, ఎండాక ఆ జిగురే బ్లేడ్ల సందుల్లో గట్టిపడుతుంది. బాత్రూంలో వదలకుండా దులిపి కిటికీలో ఆరబెడితే కొంచెం నయం.

అసలు మంట రీఫిల్ దగ్గర. మా వీధి చివరి అంగట్లో మగవాళ్ల బ్లేడ్లు ఎప్పుడూ వేలాడుతుంటాయి, నాది అడిగితే "అది రాదక్కా, మగోళ్లదే వస్తాది" అంటాడు. గాంధీ రోడ్డులో ఒకటి రెండు షాపుల్లో దొరికినా ఒక్కో బ్లేడు ధర లెక్కేస్తే ఆయనదానికంటే బాగా ఎక్కువ. పోనీ ఆయనవే పెట్టుకుందామంటే ఈ పిడికి గాడి వేరు, ఎక్కదు! ఒకే కంపెనీ, ఒకే రకం బ్లేడు, గాడి మాత్రం వేరు. ఎందుకో ఆ కంపెనీ వాళ్లకే తెలియాలి.

తిరుపతిలో ఉండి ఇంకో మాట అనకుండా ఉండలేను. కొండ మీద కల్యాణకట్టలో ఆడవాళ్లకి పింక్ బ్లేడు, మగవాళ్లకి నీలం బ్లేడు అని ఉండదు. మా అత్తగారు మొక్కు తీర్చుకున్నప్పుడు పక్కనే కూర్చుని చూశా, మామూలు బ్లేడుతోనే గుండు నున్నగా వచ్చింది, పైగా ఉచితం. తలకి సరిపోయిన బ్లేడు కాళ్లకి సరిపోదా?

ఈ వ్యాపారం పాతదే. జిల్లెట్ వాళ్లు 1915లోనే అమెరికాలో ఆడవాళ్లకని బంగారు పూత వేసిన రేజర్ ఒకటి తెచ్చారు. వందేళ్ల తర్వాత, 2015లో, న్యూయార్క్ నగర వినియోగదారుల శాఖ దాదాపు 800 వస్తువుల ధరలు పోల్చి చూస్తే ఒంటికి వాడే సరుకుల్లో ఆడవాళ్లవి సగటున 13 శాతం ఎక్కువ ఉన్నాయి, రేజర్లయితే 11 శాతం. కాలిఫోర్నియాలో 2023 నుంచి ఒకే రకం వస్తువుకి ఆడా మగా అని ధర మార్చకూడదని చట్టమే ఉంది. ఇక్కడ మనమే డబ్బా తిప్పి, ఎమ్మార్పీని లోపలున్న బ్లేడ్ల సంఖ్యతో భాగించి చూసుకోవాలి. షాపులో నిలబడి ఫోన్‌లో లెక్కేస్తుంటే వెనకవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ.

పనికి అయిదుకి నాలుగు, ధరకి ఒకటి. ఇప్పుడున్న ప్యాకెట్లో ఇంకో బ్లేడు మిగిలింది, అది అయిపోగానే మగవాళ్లదే ఒకటి నాకని విడిగా కొనుక్కుంటా, పిడి మరీ సన్నమైతే రబ్బరు బ్యాండ్లు చుట్టుకుంటా.