స్టాండింగ్ స్టార్ట్ చేయకూడదట! ఆ పవర్ మీటర్ అమ్మేవాడితో జాగ్రత్త

"ట్రాక్ స్ప్రింటర్ వాడింది, కండిషన్ సూపర్" అని సెకండ్ హ్యాండ్ క్రాంక్ పవర్ మీటర్లు (సైకిల్ పెడల్ కాడలో ఉండి, ఎంత పవర్‌తో తొక్కుతున్నామో వాట్లలో చూపించేవి) అమ్ముతుంటాడు చూడండి, ఎవరి గురించి చెప్తున్నానో మీలో సగం మందికి ఈపాటికే అర్థమై ఉంటుంది, ఆయన దగ్గర ఏదీ కొనకండి. నేను కొన్నా. డబ్బు సంగతి పక్కన పెట్టండి, అయిదు వారాల ట్రైనింగ్ గంగలో కలిసింది.

కొనేముందు వీడియో అడిగా, నేనేదో తెలివైనవాణ్ణి అనుకుని. 165 ఎంఎం క్రాంక్‌కి 20 కేజీల బరువు వేలాడదీసి చూపించమన్నా. లెక్క ప్రకారం టార్క్ (తిప్పే బలం) 32.4 న్యూటన్ మీటర్లు రావాలి, వీడియోలో 32 చక్కగా కనిపించింది. ఇంకేముంది, పంపించెయ్ అన్నా.

మొదటి వారమే పీక్ 1920 వాట్లు! అంతకుముందు ఎర్గోమీటర్ (పవర్ కొలిచే కదలని సైకిల్) మీద నా బెస్ట్ 1500. ఒంటి బరువు మారలేదు, తొడలు అవే తొడలు, మరి ఆ 420 ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయని అడగాలి కదా, అడగలేదు. స్క్వాట్లు పనిచేశాయి, క్రియాటిన్ పనిచేసింది అని మురిసిపోయా. ప్యారిస్ ఒలింపిక్స్‌లో 2024లో డచ్ స్ప్రింటర్ లావ్రేసన్ ఫ్లయింగ్ 200 ని (ముందే వేగం అందుకుని తొక్కే 200 మీటర్లు) 9.088 సెకన్లలో కొట్టాడు, ఆ లెవెల్ వాళ్ళు 2000 దాటిస్తారు, 11.4 కొట్టే నేను వాళ్ళ పక్కింటికి వచ్చేశానట. అబ్బో.

స్టాప్‌వాచ్ మాత్రం మొదట్నుంచీ నిజమే చెప్తోంది, నేనే వినలేదు. ఆ వేగంలో పవరంతా దాదాపు గాలిని తోయడానికే పోతుంది, అది వేగం క్యూబ్‌తో పెరుగుతుంది, కాబట్టి పవర్ 28 శాతం పెరిగితే వేగం ఎనిమిదిన్నర శాతం దాకా పెరగాలి, నా 11.4 కాస్తా పదిన్నరకి రావాలి. వచ్చిందెంత? 11.36. గాలి ఎదురొచ్చిందేమో, లైన్ తప్పిందేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా.

ఆ నంబర్లతో చేసిన వెధవ పనులు ఇంకా ఉన్నాయి. టార్క్-కేడెన్స్ (పెడల్ తిరిగే వేగం) గీత గీస్తే పీక్ పవర్ 141 ఆర్‌పీఎం దగ్గర వచ్చింది, పాతది 125. వెంటనే చైన్‌రింగ్ (పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రం) రెండు పళ్ళు తగ్గించి నెలరోజులు కాళ్ళు గిరగిరా తిప్పా. ఆరు సెకన్ల స్ప్రింట్ల మధ్య ఎనిమిది నిమిషాల రెస్ట్‌ని నాలుగుకి దించా, ఎందుకంటే సెషన్ చివర కూడా వాట్లు పడటం లేదు మరి. ఫాస్ఫోక్రియాటిన్ (స్ప్రింట్‌లో కండరాలు వాడుకునే ఇంధనం) సగం దాకా అర నిమిషంలో తిరిగొచ్చినా పూర్తిగా నిండాలంటే నిమిషాలు పడుతుందని ఇంకొకళ్ళకి పాఠాలు చెప్పేవాణ్ణి నేను. కాళ్ళు సీసం పోసినట్టున్నాయి, మీటరేమో "కానివ్వు కానివ్వు" అంటోంది.

మొన్న ఒక స్టాండింగ్ స్టార్ట్ (ఆగి ఉన్న సైకిల్‌ని ఒక్కసారిగా ఫుల్ బలంతో తొక్కి లాగడం) చేసి దిగి, ఎందుకో యాప్ ఓపెన్ చేశా. పెడల్ మీద ఎవరూ లేరు, టార్క్ 29! అదే 20 కేజీలు వేలాడదీస్తే 61. మీటర్‌ని మళ్ళీ జీరో చేస్తే (బరువు లేనప్పుడు సున్నా చూపేలా సెట్ చేస్తే) 32, ఇంకో స్టార్ట్ చేస్తే మళ్ళీ 60 పైన. క్రాంక్ లోపల స్ట్రెయిన్ గేజ్ (బలాన్ని కొలిచే సెన్సర్) అంటించిన చోట ఊడిపోయింది అన్నమాట, పెద్ద బలం పడగానే జరిగి మళ్ళీ వెనక్కి రావడం లేదు. 30 న్యూటన్ మీటర్ల తప్పు అంటే చిన్నది కాదండీ, 130 ఆర్‌పీఎం దగ్గర అది 400 వాట్ల పైనే. నేను ఎక్కణ్ణుంచో ఊడిపడ్డాయన్న 420 అవే.

సరే, పొరపాటున జరిగిందేమోలే అని మర్యాదగానే మెసేజ్ పెట్టా, వీడియోలతో సహా. ఆయన జవాబు అక్షరం మార్చకుండా: "తమ్ముడూ, స్టాండింగ్ స్టార్ట్ చేస్తేనే అట్లా అవుద్ది. రోలర్స్ మీద వాడుకో, ఏళ్ళకేళ్ళు వస్తది."

(రోలర్స్ అంటే సైకిల్ ముందుకి కదలకుండా దాని మీద తొక్కుకునే డ్రమ్ములు.) చదివి రెండు నిమిషాలు ఫోన్ అలాగే పట్టుకుని కూర్చున్నా. అంటే తెలుసు. ఏ బలం దగ్గర చెడుతుందో కూడా తెలుసు. బరువు వేలాడదీసే టెస్ట్ పాసవుతుందనీ తెలుసు, అందుకే ఆ వీడియో అడగ్గానే అంత హుషారుగా తీసి పంపాడు! స్ప్రింట్ ట్రాక్ రైడర్‌కి స్టాండింగ్ స్టార్ట్ చేయొద్దనడం ఏంటి, గొడుగు అమ్మి వానలో తెరవకు అన్నట్టు. "ముందే ఎందుకు చెప్పలేదు" అంటే "నువ్వు అడగలేదుగా" అన్నాడు. రిటర్న్ అంటే ఒక నవ్వు బొమ్మ. తర్వాత బ్లాక్.

బాధేంటంటే అబద్ధం ఆడింది ఆయన, కానీ అయిదు వారాలు దాన్ని పెంచి పోషించింది నేను. నంబర్ తక్కువ వచ్చుంటే మొదటి రోజే మీటర్‌ని అనుమానించేవాణ్ణి కదా?

కొనేవాళ్ళు ఉంటే, బరువు వీడియో ఒక్కటే సరిపోదు. జీరో చేయించి, ఫుల్ స్టాండింగ్ స్టార్ట్ ఒకటి చేయించి, మళ్ళీ జీరో చేయకుండా అదే బరువు వేలాడదీయమనండి, అంతా ఒకే వీడియోలో, కట్ లేకుండా. కుదరదు అంటే వదిలేయండి. నేను పాత చైన్‌రింగ్ మళ్ళీ బిగించుకోవాలి, బోల్టులు ఎక్కడ పడేశానో కనిపించడం లేదు.