ఎల్క్ వేటలో వీపున మోసే చిన్న సుఖాలు: తొమ్మిది సీజన్ల తర్వాత నా సంచిలో మిగిలినవి

అమెరికాలోని కొలరాడోలో ఎల్క్ (పెద్ద జాతి అడవి జింక) కోసం కొండెక్కడం మొదలుపెట్టాక ఇది నా తొమ్మిదో సీజన్. ఏటా సెప్టెంబర్‌లో వారం రోజులు సెలవు పెట్టి, విల్లు, డేరా, తిండి అన్నీ వీపున వేసుకుని సాన్ హువాన్ పర్వతాల్లోకి వెళ్తాను. మొదటి మూడేళ్లూ ఖాళీ చేతులతోనే తిరిగొచ్చాను. అందులో రెండుసార్లు మూడో రోజుకే దిగిపోయాను. జంతువుల జాడ కనిపిస్తూనే ఉంది. నిద్ర లేక, పాదాలు కొయ్యబారి, కడుపులోకి వేడిగా ఏదీ వెళ్లక ఒంట్లో ఓపిక అయిపోయింది.

అప్పటిదాకా నేను ప్రతి గ్రామూ లెక్కబెట్టి సంచి తేలిక చేసుకునేవాణ్ని. దిండు దండగ, చెప్పులు దండగ అనుకునేవాణ్ని. ఇప్పుడు నా లెక్క మారింది. ఏ వస్తువైనా సరే, నన్ను కొండ మీద ఇంకొక్క రోజు ఉంచగలిగితే దాని బరువు మోస్తాను. కింద రాసినవన్నీ నా డబ్బుతో కొని, ఏళ్ల తరబడి వాడినవే.

అక్కడి సంగతి కొంచెం చెప్పాలి. నేను వెళ్లేది ఆ పర్వతాల్లోని వెమినూచ్ వైల్డర్‌నెస్, అంటే చట్టం కాపాడే అడవి ప్రాంతం, కొలరాడోలో అలాంటి వాటన్నిటికన్నా పెద్దది. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం ప్రకారం అందులోకి బండ్లు, సైకిళ్లే కాదు, చక్రం ఉన్న తోపుడు బండి కూడా తీసుకెళ్లకూడదు. కాలినడకన పోవాలి, లేదా గుర్రం మీద పోవాలి. మా డేరా పదకొండు వేల అడుగుల దగ్గర వేస్తాం. మధ్యాహ్నం ఉరుములతో వాన, రాత్రికి నీళ్లు గడ్డకట్టే చలి. ఎల్క్ అంటే మన కణుజు లాంటిదే, ఇంకా భారీ. బాగా ఎదిగిన మగది మూడు వందల కిలోల పైనే ఉంటుంది. సెప్టెంబర్ వాటికి జతకట్టే కాలం కాబట్టి తెల్లవారుజామున మగవి ఈల వేసినట్టు అరుస్తాయి. ఆ అరుపు వినాలంటే నాలుగింటికే లేవాలి. రాత్రి నిద్ర పట్టని మనిషి నాలుగింటికి లేవలేడు.

అందుకే నిద్రతో మొదలుపెడతాను. స్లీపింగ్ బ్యాగ్ మీద అందరూ బాగానే ఖర్చు పెడతారు కానీ, కింద వేసుకునే మ్యాట్‌ని పట్టించుకోరు. మన బరువుకి బ్యాగ్ అడుగు భాగం నలిగిపోతుంది, ఇక వెచ్చదనం నిలవదు, నేల ఒంట్లో వేడిని లాగేస్తుంది. మ్యాట్ మీద ఆర్-వ్యాల్యూ అని ఒక అంకె రాసి ఉంటుంది. అది ఎంత ఎక్కువైతే నేల చలి అంత తక్కువ తగులుతుంది. సెప్టెంబర్‌కి నాలుగు దాటితే నాకు సరిపోయింది, అక్టోబర్ చివరకి వెళ్లేవాళ్లు ఇంకా ఎక్కువది చూసుకోవాలి. నేను మొదట కొన్న గాలి మ్యాట్ రెండో సీజన్‌లో లోపలి అతుకు ఊడి, నడుము కింద బుడగలా ఉబ్బింది. ఆ కంపెనీకి రాస్తే రెండు నెలలు జవాబే లేదు. అప్పటినుంచి గాలి మ్యాట్ కింద పల్చటి ఫోమ్ షీట్ కూడా పరుస్తున్నాను. గాలి పోయినా పూర్తిగా నేల మీద పడను.

గాలి దిండు విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. సీ టు సమ్మిట్ వాళ్ల ఏరోస్ దిండు వాడుతున్నాను. వంద గ్రాములు కూడా ఉండదు. పూర్తిగా ఊదితే రాయిలా ఉంటుంది, ముప్పావు వంతు ఊదితే చాలు. జారిపోకుండా పైన ఉన్ని బనీను తొడిగేస్తాను.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు నాల్జీన్ ప్లాస్టిక్ సీసా, లీటరుది. తెల్లగా, కాస్త మెత్తగా ఉండే రకం తేలిక. పడుకోబోయే ముందు నీళ్లు మరగబెట్టి దాంట్లో పోస్తాను. మూత బిగించి తలకిందులు చేసి ఒక్క నిమిషం చూస్తాను, చుక్క కారినా మళ్లీ బిగిస్తాను. ఎందుకంటే ఈకలు నింపిన స్లీపింగ్ బ్యాగ్ తడిస్తే ఆ రాత్రి ప్రమాదమే. తర్వాత దాన్ని మందపాటి మేజోడులో దూర్చి తొడల మధ్య పెట్టుకుంటాను. పది నిమిషాల్లో వెచ్చదనం కిందికి పాకుతుంది, బిగుసుకున్న కాలివేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నట్టు తెలుస్తుంది. అప్పుడు సీసాని పాదాల దగ్గరికి తోసేస్తాను. పొద్దున్నే ఆ నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, టీకి గ్యాస్ కూడా ఆదా. నీళ్లు వడకట్టే ఫిల్టర్‌ని కూడా బ్యాగ్ లోపలే పెట్టుకోండి. ఒక్కసారి గడ్డకడితే అది పాడైపోవచ్చు, పైకి తెలియదు కూడా. ఇంకో మాట, మామూలు మంచినీళ్ల సీసాల్లో మరిగే నీళ్లు పోయకండి, ముడుచుకుపోతాయి.

నాలుగో ఏడు మా బావమరిది మొదటిసారి నాతో వచ్చాడు. రెండో రాత్రి వడగళ్లు పడ్డాయి. డేరాలో పళ్లు టకటకలాడిస్తూ, "బావా, ఇక నా వల్ల కాదు, పొద్దున్నే దిగిపోదాం" అన్నాడు. నా సీసా వాడి బ్యాగ్‌లో పెట్టి, నా దగ్గరున్న పొడి మేజోళ్లు ఇచ్చాను. పావుగంటకి గురక వినిపించింది. పొద్దున దిగడం గురించి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఐదో రోజు తెల్లారేసరికి లోయలోంచి గాలి మా మొహానికి కొడుతోంది. ఇరవై ఐదు మీటర్ల దూరంలో ఆడ ఎల్క్ పొదల్లోంచి బయటికొచ్చింది. బాణం వాడిదే. ఎముకలు తీసేశాక కూడా అరవై కిలోల పైనే మాంసం. ఇద్దరం రెండేసి విడతలు మోశాం. ఇక్కడ తినగలిగే మాంసాన్ని కొండ మీద వదిలేసి రావడం చట్టప్రకారం నేరం. అలా వదలడానికి మనసు కూడా ఒప్పదు.

ఆ పొడి మేజోళ్లకి నాది ఒక నియమం ఉంది. ఒక జత మెరీనో ఉన్నివి నిద్రకి మాత్రమే. పగలు ఎంత తడిసినా వాటిని ముట్టుకోను. చలికి భయపడి పగలు ఒక్కసారి వాడేస్తే, రాత్రికి తొడుక్కోవడానికి ఏమీ మిగలదు.

క్రాక్స్ చెప్పుల మీద నా అభిప్రాయం రెండుసార్లు మారింది. జత దాదాపు మూడు వందల యాభై గ్రాములు, సంచికి బయట వేలాడతాయి, కొమ్మలకి తగులుకుంటాయి. రెండేళ్లు ఇంట్లో వదిలేసి వెళ్లాను. అప్పుడు వాగు దాటాల్సి వచ్చిన ప్రతిసారీ బూట్లు విప్పి, వట్టి కాళ్లతో మంచునీళ్లలో, నాచు పట్టిన రాళ్ల మీద నడిచాను. ఒకసారి బొటనవేలు చీలింది. మళ్లీ తీసుకెళ్తున్నాను. సాయంత్రం బూట్లు విప్పి వాటిలో కాళ్లు పెట్టినప్పుడు పాదాలకి ప్రాణం లేచొస్తుంది. బొబ్బలకి ల్యూకోటేప్ అనే అంటించే పట్టీ. చర్మం ఎర్రబడగానే అంటించాలి, బొబ్బ తేలాక ఏది వేసినా ఆలస్యమే. మూడు నాలుగు రోజులు ఊడదు.

కూర్చోవడానికి థర్మరెస్ట్ జడ్ సీట్, మడతపెట్టే ఫోమ్ ముక్క, అరవై గ్రాములు. వేటలో గంటలకు గంటలు ఒకేచోట కదలకుండా కూర్చోవాలి. తడి నేల మీద కూర్చుంటే ఇరవై నిమిషాలకే కదలాలనిపిస్తుంది, కదిలితే ఎల్క్ చూసేస్తుంది. నా దృష్టిలో ఆ సీట్ సుఖం కోసం కొన్నది కాదు, వేట సామానే. అదే అవసరానికి మడత కుర్చీ కూడా రెండు సీజన్లు మోశాను. కూర్చుంటే హాయిగానే ఉంది. కానీ అర కిలో బరువు, దాని కాళ్లు మెత్తటి మట్టిలో దిగబడతాయి. ఇప్పుడు ఊరి పార్కులకే వాడుతున్నాం.

వాన పడేటప్పుడు పైన కట్టుకోవడానికి తేలికపాటి టార్ప్ (వాన ఆపే గుడ్డ) ఒకటి తప్పనిసరి. డేరాలో మూడు గంటలు పడుకుని ఉంటే నడుము పట్టేస్తుంది. దాని కింద కూర్చుంటే టీ పెట్టుకోవచ్చు, ఎదురు కొండని చూస్తూ ఉండవచ్చు.

తిండి దగ్గర మన అలవాట్లే నన్ను కాపాడాయి. అంత ఎత్తులో నీళ్లు తొంభై డిగ్రీలు కూడా రాకుండానే మరుగుతాయి. పప్పు ఎంతసేపు పెట్టినా పలుకుగానే ఉంటుంది, గ్యాస్ వృథా. అమెరికన్ ప్యాకెట్ భోజనాలు మూడో రోజుకి నోటికి సహించవు. అటుకులు తీసుకెళ్తే వేడినీళ్లు పోసి ఐదు నిమిషాలు మూతపెడితే చాలు. ఇంట్లోనే పోపు వేయించి, చింతపండు పొడి, పసుపు, ఉప్పు కలిపి జిప్ కవర్‌లో పెట్టుకుంటాను, పులిహోరకి దగ్గరగా వస్తుంది. కరివేపాకు కారం, నువ్వుల పొడి చెరో గుప్పెడు. ఆవకాయ ఒక్కసారే పట్టుకెళ్లాను, నూనె కారి సంచంతా వాసన. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి, తిండిని డేరాకి దూరంగా చెట్టుకి ఎత్తులో కట్టాలి, లేదా గట్టి డబ్బాలో పెట్టాలి. అందుకే నూనె పచ్చళ్లు ఇప్పుడు తీసుకెళ్లను.

చిన్నవి కొన్ని. తడి తుడుపు కాగితాలు ఇంట్లోనే ఆరబెట్టి, అక్కడ నీళ్లు చల్లి వాడితే బరువు సగానికి సగం తగ్గుతుంది. వాడినవి కవర్లో మూటగట్టి కిందికి తెస్తాను. పొడిగాలికి పెదాలు, ముక్కు లోపల పగులుతాయి. కొబ్బరినూనె పట్టుకెళ్తే అక్కడ గడ్డకట్టి సీసాలోంచి రాదు, వ్యాజిలిన్ మేలు. రాత్రికి మంకీ క్యాప్. అమ్మ విజయవాడ నుంచి పంపింది, మెడ, చెవులు అన్నీ కప్పుతుంది. నేను కొన్న ఖరీదైన టోపీలేవీ దానికి సాటి రాలేదు. లుంగీ మాత్రం వద్దు. నూలు బట్ట తడిస్తే ఆరదు, ఒంటికి అతుక్కుని చలి పెంచుతుంది. ఇంట్లో ఎంత హాయిగా ఉన్నా దాన్ని ఇంట్లోనే ఉంచండి.

చివరిగా గార్మిన్ ఇన్‌రీచ్ మినీ, వంద గ్రాముల శాటిలైట్ పరికరం. ఫోన్ సిగ్నల్ లేని చోటి నుంచి మెసేజ్ వెళ్తుంది. నెలనెలా చందా కట్టాలి, అది భారమే. కానీ ఆ పరికరం లేని రోజుల్లో నేను కొండ మీద ఉన్నన్నాళ్లూ మా ఆవిడ సరిగ్గా నిద్రపోలేదు, ఆ సంగతి నాకు చాలా తర్వాత చెప్పింది. ఇప్పుడు రోజూ రాత్రి సీసాలో వేడినీళ్లు పోశాక, "తిన్నాను, పడుకుంటున్నాను" అని పంపిస్తాను. కాసేపటికి "సరే, జాగ్రత్త" అని జవాబొస్తుంది. అది చూశాకే బ్యాగ్ జిప్ వేసుకుంటాను.