ఇంజను లోపలి భారాలపై మూడు రోజుల తరగతులు: బెంగళూరులో నా అనుభవం

గ్యాస్ టర్బైన్ ఇంజను లోపల బలాలు ఎక్కడ పుట్టి, ఏ దారిన విమానపు రెక్కకు చేరతాయన్న విషయంపై బెంగళూరులో మారతహళ్లి దగ్గరి ఒక శిక్షణ సంస్థ నిర్వహించిన మూడు రోజుల తరగతులకు గత నెల హాజరయ్యాను. మొదటి రెండు రోజుల పాఠాల కోసం ఎంత దూరం నుంచైనా రావచ్చు. మూడో రోజును మాత్రం నిర్వాహకులు తప్పక మార్చాలి.

పాఠం చెప్పినవారు పదవీ విరమణ చేసిన ఇంజనీరు, తెలుగువారు. రాగానే మా చేత ఒక లెక్క చేయించారు: 100 గ్రాముల బ్లేడు 0.3 మీటర్ల వ్యాసార్ధంలో నిమిషానికి 10,000 చుట్లు తిరిగితే, తనను బిగించిన చక్రాన్ని (డిస్కును) సుమారు 33 కిలోన్యూటన్ల బలంతో, అంటే మూడు టన్నులకు పైగా బరువు వేలాడదీసినట్టుగా లాగుతుంది.

నాకు ఎక్కువగా ఉపయోగపడింది అక్షం వెంబడి పనిచేసే బలాల పాఠం. గాలిని నొక్కే కంప్రెసరు ఇంజనులోని తిరిగే భాగాన్ని (రోటరును) ముందుకు లాగుతుంది, వేడి వాయువులతో తిరిగే టర్బైను వెనక్కు నెడుతుంది; రోటరు ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టే థ్రస్ట్ బాల్ బేరింగు మోసేది ఆ రెంటి మధ్య మిగిలిన తేడాను మాత్రమే కనుక, గాలి కారకుండా ఆపే సీళ్ల వ్యాసాన్నీ ఇంజను లోపలి గదుల్లోని గాలి పీడనాన్నీ సరిచూసి ఆ తేడాను హద్దుల్లో ఉంచుతారు. టీ విరామంలో మాస్టారు పాత బేరింగు లోపలి రింగును నా చేతిలో పెట్టి, "వేలితో తడిమి చూడు నాయనా, భారం మోసిన చోటు నున్నగా ఉంది, భారం చాలక బంతులు జారిన చోటు మసకబారింది" అన్నారు. భారం ఎక్కువైతేనే బేరింగు చెడుతుందని ఇన్నేళ్లుగా అనుకుంటున్న నాకు, భారం మరీ తగ్గినా, దిశ మారినా చెడుతుందని అప్పుడు కళ్లారా తెలిసింది.

రెండో రోజు పాఠం మౌంట్లు, అంటే ఇంజనును రెక్కకు పట్టి ఉంచే బిగింపులు. తొలి బోయింగ్ 747ల జేటీ9డీ ఇంజనులో విమానాన్ని ముందుకు నెట్టే బలం (థ్రస్ట్) భారానికి బయటి తొడుగైన కేసింగు వంగి, గుండ్రదనం కోల్పోయి, బ్లేడు కొనలు కేసింగుకు రాసుకోవడం, ఆ భారాన్ని పంచేందుకు వై ఆకారపు చట్రం అమర్చడం బోర్డు మీద గీసి మరీ చెప్పారు.

మూడో రోజు కంప్యూటరు సాధన అన్నారు కానీ, సగం యంత్రాల్లో సాఫ్ట్‌వేర్ లైసెన్సు పనిచేయక మధ్యాహ్నం దాకా ఖాళీగా కూర్చున్నాము. దానివల్ల ఫ్యాన్ బ్లేడు విరిగినప్పుడు పుట్టే అసమతుల్య భారాన్నీ, ఆ క్షణంలో కావాలనే తెగిపోయేలా చేసే బేరింగు ఆధారాలనూ అరగంటలో ముగించారు. రుసుము తక్కువేమీ కాదు. ఆ పూట కంప్యూటర్లు కట్టేసి, ఆ ఒక్క అంశాన్నే మాస్టారి చేత పెన్సిలు, కాగితంతో చెప్పించాలని సంస్థవారికి ఉత్తరం రాశాను.