గార్డియన్‌షిప్పా, దత్తతా? 19వ శతాబ్దపు అమెరికాలో బంధువుల ముందున్న రెండు దారులు

తండ్రి పోతే చాలు, తల్లి బతికున్నా ఆనాటి కోర్టు కాగితాల్లో పిల్లలు తరచూ ‘అనాథలే’. వాళ్లను పెంచాలనుకున్న బాబాయికో మేనమామకో ఏ దారి నయం?

ఖర్చు: గార్డియన్ కావాలంటే ప్రొబేట్ కోర్టుకు (చనిపోయినవాళ్ల ఆస్తి వ్యవహారాలు చూసే కోర్టు) జామీనుదారులతో హామీపత్రం రాసివ్వాలి (పెన్సిల్వేనియాలో ఆ కోర్టు పేరే ఆర్ఫన్స్ కోర్ట్, అంటే ‘అనాథల కోర్టు’). చాలాచోట్ల పిల్లల ఆస్తికి రెట్టింపు మొత్తానికి! దత్తతకు ఈ బెడద లేదు.

శ్రమ: గార్డియన్ తిండి, బట్టలు, బడి ఖర్చులన్నీ లెక్కరాసి కోర్టుకు చూపాలి. ఎక్కువమంది దెబ్బతిన్నది ఇక్కడే. పిల్లల డబ్బు సొంత డబ్బుతో కలిపేయడం, అనుమతి లేకుండా అసలు సొమ్మును ముట్టుకోవడం. మేజరయ్యాక పిల్లవాడు దావా వేస్తే గార్డియన్‌తోపాటు జామీనుదారులూ కట్టుకోవాలి.

సమ్మతి: 14 ఏళ్లు దాటితే గార్డియన్‌ను పిల్లలే ఎంచుకోవచ్చు, కోర్టు ఒప్పుకోవాలి. మసాచుసెట్స్ 1851 దత్తత చట్టం ప్రకారం ఆ వయసు పిల్లల సమ్మతి తప్పనిసరి. దత్తత తీసుకునేది పెళ్లైనవాళ్లైతే భార్యాభర్తలిద్దరూ అర్జీలో చేరాలి.

వారసత్వం: గార్డియన్ ఆస్తిలో పిల్లలకు హక్కేమీ రాదు. దత్తతతో సొంత బిడ్డలా వాటా వస్తుంది. దత్తత చట్టం లేని రాష్ట్రంలో శాసనసభ నుంచి ప్రత్యేక చట్టం తెచ్చుకోవాల్సిందే.

పిల్లల పేర పొలమో డబ్బో ఉంటే గార్డియన్‌షిప్పే. పసిబిడ్డ, ఆస్తి లేదు, పెంచేవాళ్లకు సంతానం లేదు, రాష్ట్రంలో చట్టం ఉందంటే దత్తత.