వోల్టేర్ ‘కాండీడ్’: ఒక గుణదల క్యాథలిక్ రివ్యూ

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల మధ్య ఫ్రెంచి రచయిత వోల్టేర్ రాసిన వ్యంగ్య నవల ‘కాండీడ్’కి ఇంగ్లీషు అనువాదం దొరికింది. సన్నటి పుస్తకమే, కానీ గుణదల తిరునాళ్లకు తప్పకుండా వెళ్లే నాలాంటి వాడికి అంత తేలిగ్గా అరగదు. 1759లో వచ్చిన దీన్ని రోమ్ 1762లో నిషిద్ధ పుస్తకాల జాబితాలో పెట్టింది. ఆ జాబితాకు చట్టబలం 1966లోనే పోయింది కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు.

“ఏది జరిగినా మంచికే” అని పాఠం చెప్పే పాంగ్లాస్ పంతులు ఉన్నాడే, లిస్బన్ రేవులో తమని ఆదుకున్న మంచి మనిషి జాక్ మునిగిపోతుంటే, శిష్యుడు కాండీడ్ కాపాడ్డానికి దూకబోతే ఆపి, ఈ రేవు పుట్టిందే అతను మునగడానికని తర్కంతో నిరూపిస్తుంటాడు! పగలబడి నవ్వాను, వెంటనే చావింట్లో “అంతా దేవుడి చిత్తం” అనేసి కాఫీ తాగి వెళ్లిపోయేవాళ్లు గుర్తొచ్చారు. బైబిల్లో కష్టాలపాలైన యోబుకి అతని స్నేహితులు చేసిందీ ఇదేగా, వాళ్లని దేవుడే మందలించాడు. అంచేత ఈ దెబ్బ విశ్వాసానికి తగల్లేదనే నా లెక్క.

ఒళ్లు మండేది వేరే చోట. చర్చి గురువులంటే (ఫాదర్లంటే) కాముకులో డబ్బు మనుషులో అన్నట్టే రాశాడు, ఆడవాళ్ల మీద అత్యాచారాలనూ జోకుల ధోరణిలోనే లాగించేశాడు, యూదుల మీద వెటకారమైతే మరీ రోత. ఇన్ని బాధల కథలో సిలువ ఊసే లేకపోవడం నాకు పెద్ద లోటు.

సత్యోపదేశం (చర్చిలో మత పాఠాలు) నేర్చుకునే పిల్లలకు ఈ పుస్తకం వద్దు. పెద్దవాళ్ల బైబిల్ గ్రూపులో యోబు గ్రంథం పక్కన పెట్టుకుని చదివితే మాత్రం వాదన భలే రంజుగా ఉంటుంది.