స్వతంత్ర పార్టీ ఉత్తరాల కోసం ఢిల్లీలో అయిదు రోజులు

1959లో స్వతంత్ర పార్టీ పెట్టినవాళ్లలో రాజాజీ, ఎన్.జి. రంగా గారి కాగితాలు తీన్ మూర్తి ఆవరణలోని లైబ్రరీలో ఉన్నాయి. పాతవాళ్లు నెహ్రూ మెమోరియల్ అనేది అదే, 2023లో పేరు మారింది. మినూ మసానీవి మాత్రం జన్‌పథ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అంటే రెండు చోట్లా నమోదు, రెండు చోట్లా కేటలాగు తప్పవు.

బస న్యూఢిల్లీ స్టేషన్ పక్కన చూసుకోవడం మేలు. పహాడ్‌గంజ్‌లో రొద ఎక్కువే, కానీ ఎల్లో లైన్ ఎక్కితే మూడో స్టేషన్ సెంట్రల్ సెక్రటేరియట్, ఆర్కైవ్స్‌కి అక్కడే దిగాలి. ఇంకో రెండు దాటితే లోక్ కల్యాణ్ మార్గ్, తీన్ మూర్తికి అక్కణ్ణుంచి ఆటో. మూడు రోజులు తీన్ మూర్తికి, రెండు రోజులు ఆర్కైవ్స్‌కి పెట్టుకోండి. సోమవారం మొదలుపెడితే మంచిది. గుర్తింపు కార్డు, విద్యాసంస్థ ఉత్తరం ఉంటే అదీ, పెన్సిళ్లు వెంట ఉండాలి. బయల్దేరే ముందే ఆర్కైవ్స్ వారి అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో వెతికి, ఫైలు నంబర్లు రాసుకోండి.

ఎక్కువమంది దెబ్బతినేది విడతల దగ్గర. రాజాజీ కాగితాలు ఒక్కసారే రాలేదు, విడతలుగా వచ్చాయి. దేని జాబితా దానిదే. మొదటి జాబితాలో పేరు కనబడలేదని వెనక్కి వస్తే ఊరికే వచ్చినట్టే. ఇచ్చిన కుటుంబం షరతులు పెట్టిన ఫైళ్లు కూడా ఉండొచ్చు కాబట్టి మొదటి రోజే అడగండి, అనుమతికి సమయం పట్టినా మిగిలిన రోజులు చేతిలో ఉంటాయి.

ఇంకో సంగతి. ఒకరు పంపిన ఉత్తరం అసలు ప్రతి అందుకున్నవారి కాగితాల్లో ఉంటుంది. పంపినవారి దగ్గర మిగిలేది, ఉంచుకుని ఉంటే, ఉల్లిపొరలాంటి కాయితం మీద అలుక్కుపోయిన కార్బన్ కాపీ. అందుకే రంగా గారు రాజాజీకి రాసింది కావాలంటే ముందు రాజాజీ ఫైళ్లు తెప్పించాలి. అంచున చేతిరాతతో చేర్చిన మాటలు అసలులోనే ఉంటాయి, కార్బన్‌లో చాలావరకు ఉండవు. ఆ ఒక్క వాక్యం కోసమే ఇంత దూరం రావడం. కార్బన్ కాపీ చదవడానికి వెనకాల తెల్లకాగితం పెడితే అవతలి పేజీ అక్షరాలు అడ్డురావు. గుండుసూది తుప్పు పట్టి అతుక్కుంటే లాగకండి, మూల ఊడిపోతుంది, సిబ్బందిని పిలవండి. లామినేషన్ చేసిన కాగితం దీపం కింద మెరుస్తుంది. ఫోటోకి అనుమతి ఉంటే కాస్త వాలుగా పట్టాలి.

ఉత్తరం మొత్తం అచ్చు వేయదలిస్తే వారసుల సంగతి చూసుకోవాలి. కుటుంబం కాగితం ఇచ్చేసినా కాపీరైట్ దానితోపాటే పోదు, పైగా అది ఉత్తరం రాసినవారిది, అందుకున్నవారిది కాదు. రచయిత బతికుండగా అచ్చయినదానికి ఆయన పోయాక 60 ఏళ్లు ఉంటుంది, అచ్చుకాకుండా మిగిలిన ఉత్తరానికి మాత్రం మొదట అచ్చయిన ఏడాది తర్వాత 60 ఏళ్లు. రాజాజీ పోయింది 1972లో, కాబట్టి ఆయన బతికుండగా అచ్చయినవాటికి 2032 ముగిసేదాకా లెక్క, అచ్చుకాని ఉత్తరాలకు ఈ లెక్క వర్తించదు.

తిరుగు ప్రయాణంలో చెన్నై ఎగ్మూరులో ఒక రోజు దిగితే సార్థకమే. తమిళనాడు ఆర్కైవ్స్ ఎగ్మూరు రైల్వే స్టేషన్ దగ్గర్లోనే ఉంది, బస కెన్నెట్ లేన్‌లో దొరుకుతుంది. రాజాజీ 1937–39లో నడిపిన మద్రాసు ప్రభుత్వపు జీవోలు అక్కడివే. హైదరాబాదు తార్నాక ఆర్కైవ్స్‌కి సికింద్రాబాద్ ఈస్ట్ నుంచి మెట్రోలో రెండే స్టేషన్లు. కాకపోతే అక్కడి బలం ఫార్సీ, ఉర్దూ ప్రభుత్వ దస్తాలు. ఈ పనికి అది దారి కాదు.